బైపాస్ వచ్చాక పాత రోడ్డు ఎవరికి? నల్లగొండ, పాలమూరు పట్టణాల నడక వెనుక కథ

నల్లగొండ ఊరి మీదుగా పోయే 565వ నంబరు జాతీయ రహదారికి బయటి నుంచి బైపాస్ వేయడానికి కేంద్రం 2024లో ఆమోదం తెలిపింది. నకిరేకల్ వైపు నుంచి నాగార్జునసాగర్‌కు పోయే లారీలూ టిప్పర్లూ ఇన్నేళ్లుగా ఊరి నడిబొడ్డు నుంచే పోతున్నాయి. బైపాస్ పూర్తయితే ఆ బరువంతా బయటికి పోతుంది. భూసేకరణ గురించి, నష్టపరిహారం గురించి, బైపాస్ పక్కన ప్లాట్ల ధర గురించి మాట్లాడుకుంటున్నంతగా, ఊళ్లో మిగిలిపోయే పాత రోడ్డును ఏం చేయాలన్న సంగతి మాట్లాడుకోవడం లేదు. నన్నడిగితే అసలు సంగతి అదే. ఆ రోడ్డు మళ్లీ నడిచేవాళ్లకు రావాలి. ఎందుకంటే ఈ ఊళ్లు కట్టిందే నడక కొలతలతో. ఆ నడక ఒక్క రోజులో పోలేదు. ఒక్కొక్క నిర్ణయంతో పోయింది.

దక్షిణ తెలంగాణ పాత పట్టణాలను చెరువో, గుట్టో, కోటో, అంగడో పుట్టించింది. నల్లగొండ కంటే ముందు పానగల్లు ఉంది. కందూరు చోడుల కాలంలో ఉదయసముద్రం చెరువు కింద ఎదిగిన ఊరది. పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం ఆ వైభవానికి ఇప్పటికీ సాక్ష్యం. నీలగిరి అని పిలిచిన నల్లగొండ రెండు గుట్టల నడుమ కుదురుకుంది. ఒక పక్క లతీఫ్ సాహెబ్ గుట్ట, ఇంకో పక్క కాపురాల గుట్ట. భువనగిరికి చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కోట కట్టించిన ఏకశిల ఉంది. గద్వాలకు పెద సోమభూపాలుడి కోట, అందులో చెన్నకేశవస్వామి గుడి ఉన్నాయి. ఈ ఊళ్లకు దూరం నుంచి ఒక రూపం ఇచ్చింది ఇవే. బస్సు ఊరు చేరకముందే గుట్ట కనబడుతుంది, ఇల్లు వచ్చేసిందన్న ధైర్యం కలుగుతుంది. మహానగరాల ఆకాశహర్మ్యాల ఫొటోలు చూసి మురిసిపోయే మనం మన ఊరి ఆకాశం మీద గీసి ఉన్న ఈ గీతను అందంగా లెక్కవేయడం మర్చిపోయాం.

వీధి విషయానికి వద్దాం. గద్వాలలో కోట చుట్టుపక్కల గానీ, నారాయణపేట పాత బజారులో గానీ పాత ఇళ్లు మిగిలిన గల్లీలోకి వెళ్తే ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. గడప ముందు అరుగు, దాని మీద పరిచిన బండ, ఏళ్ల తరబడి కూర్చుని కూర్చుని నున్నబడిన అంచు. వీధి వెడల్పు ఎడ్లబండ్లు ఒకదాన్నొకటి తప్పుకుని పోయేంత. పొద్దున ఒక వైపు గోడ నీడనిస్తే, సాయంత్రం రెండో వైపు గోడ ఇస్తుంది. ఎండాకాలంలో మనిషి ఆ నీడ వెంట జరుగుతూ పోతాడు. నల్లగొండ జిల్లా ఎండలు తెలిసిన వాళ్లకు ఆ రెండు అడుగుల నీడ విలువ వేరే చెప్పనక్కర్లేదు. అరుగు ఇంటివాళ్లదే, కూర్చునేది మాత్రం దారిన పోయేవాళ్లు. కూరగాయల గంప దించుకునేది అక్కడే, మోకాళ్ల నొప్పులున్న అవ్వ ఊపిరి తీసుకునేదీ అక్కడే. మగ్గం ఇంట్లోనే ఉంటుంది, నూలు ఇచ్చి చీర తీసుకునే షావుకారు నాలుగు గల్లీల అవతల. గద్వాల చీరకు నూలు ఒంటి మీద పట్టు అంచు, పట్టు కొంగు కలిపే పని ఇలాంటి ఇళ్లలోనే జరిగింది. పని, బజారు, బడి, గుడి, దర్గా అన్నీ కూతవేటు దూరంలో ఉండేలా ఊరు దానంతటదే అల్లుకుంది. ఇంజనీరు ఎవరూ గీయలేదు గానీ, ఇంజనీర్లు నేర్చుకోవాల్సింది అందులో చాలా ఉంది.

నిజాం కాలం ఈ ఊళ్లకు కొత్త హోదాలు తెచ్చింది. పాలమూరుకు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద 1890 డిసెంబర్ 4న మహబూబ్‌నగర్ అని పేరు పెట్టారు. కచేరీలు, కోర్టులు, పోలీసు లైన్లు వచ్చాయి. పాలమూరు వైపు రైలు వచ్చింది. 1932లో నిజాం రైల్వే ఆధ్వర్యంలోనే 27 బస్సులతో ప్రభుత్వ బస్సు రవాణా మొదలైంది. రైలూ బస్సూ నడకను చంపలేదు, నిజానికి పెంచాయి. బస్టాండులో దిగిన మనిషి కచేరీకి నడిచాడు, కచేరీ నుంచి బజారుకు నడిచాడు, సరుకులు కట్టించుకుని తిరిగి బస్టాండుకు నడిచాడు. ఆ దారి పొడవునా హోటళ్లు, బట్టల దుకాణాలు, చెప్పులు కుట్టేవాళ్లు, మిర్చి బజ్జీల బండ్లు. నల్లగొండలో గడియారం సెంటర్, మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్ చౌరస్తా ఊరంతటికీ గుర్తు అయ్యాయంటే జనం కాలినడకన వచ్చి అక్కడ కలుసుకోవడం వల్లే.

ఇంకో అదృష్టం కూడా కలిసొచ్చింది. పెద్ద రహదారులు ఈ ఊళ్లను తాకకుండా పోయాయి. హైదరాబాద్–విజయవాడ రోడ్డు నార్కట్‌పల్లి మీదుగా పోయింది, నల్లగొండ పక్కన ఉండిపోయింది. హైదరాబాద్–కర్నూలు రోడ్డు జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా పోయింది. మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల పక్కనే ఉండిపోయాయి. వెనకబడ్డామని మనవాళ్లు బాధపడ్డ సంగతే ఇది. పాత బజార్లు మిగలడానికి కారణం కూడా ఇదే. సూర్యాపేట కథ వేరు, అక్కడ ఊరు రహదారిని పట్టుకునే పెరిగింది, రోడ్డు దాటడమే ఒక టెన్షన్ అయింది.

1949లో జాగీర్దారీ రద్దయింది, సంస్థానాల కాలం ముగిసింది. అప్పుడు ప్రభుత్వం చేసిన ఒక మంచి పని గురించి ఎక్కువగా చెప్పుకోరు. ఖాళీ అయిన కోటలను, ప్యాలెస్‌లను చదువులకు ఇచ్చారు. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ వచ్చింది, 1959లో నెహ్రూ ప్రారంభించారు. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ నడిచింది. ఊరి మధ్యన కాలేజీ ఉంటే వందల మంది పిల్లలు రోజూ ఊళ్లోంచి నడిచి పోతారు. పుస్తకాల షాపు, టిఫిన్ సెంటర్, సైకిల్ రిపేరు కొట్టు, అద్దె గదులు అన్నీ వాళ్ల వెంట బతుకుతాయి. పాత కట్టడం నిలబడుతుంది, చుట్టూ ఉన్న బజారూ నిలబడుతుంది.

ఆ తర్వాత తరంలో దారి మారింది. ఊరి చుట్టూ పొలాలు వెంచర్లయ్యాయి. టూ వీలర్ ఉంటేనే చేరగలిగే కాలనీలు పుట్టాయి. బండి ఉన్నవాడికి దూరం దూరంలా అనిపించదు. బండి లేని అవ్వకు, బడికి పోయే పిల్లకు, కూలికి పోయే మనిషికి ఆటో కిరాయి నెల ఖర్చయింది.

భవన నిబంధనలు తమ వంతు చేశాయి. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం ఇంటి ముందు రోడ్డు వెడల్పును బట్టి సెట్‌బ్యాక్, అంటే ఖాళీ జాగా, వదలాలి, పార్కింగ్ చూపాలి. గాలి, వెలుతురు, అగ్నిమాపక వాహనం పోవడానికి జాగా కావాలన్న ఉద్దేశం న్యాయమైనదే. కొత్త కాలనీకి అది సరిపోతుంది. పాత బజారులో కొన్ని సడలింపులు ఉన్నా మొత్తం మీద జరిగింది ఒకటే. పాత ఇల్లు కూలిన చోట కొత్త బిల్డింగ్ వెనక్కి జరిగింది, అరుగు పోయింది, దాని జాగాలో గేటు, ర్యాంపు, బైకులు వచ్చాయి. వీధికి నీడనిచ్చే గోడ వరుస పళ్లూడిన నోరులా తయారైంది. పైగా ఐదంతస్తులు లేవడంతో చౌరస్తాలో నిలబడితే కనిపించే గుట్ట ఇప్పుడు ఏ డాబా మీదికో ఎక్కితే తప్ప కనిపించడం లేదు.

రోడ్డు వెడల్పు సంగతి మరీ బాధ కలిగిస్తుంది. 167వ నంబరు జాతీయ రహదారి మహబూబ్‌నగర్ మీదుగా, 565వ నంబరు నల్లగొండ మీదుగా పోతాయని నిర్ణయమయ్యాక ఊళ్లోని పెద్ద వీధులు ఒక్కసారిగా హైవేలు అయ్యాయి. రోడ్డు వెడల్పు చేయడానికి సగం కోసిన ఇళ్లు ఇలాంటి ఊళ్లలో ఎవరైనా చూడొచ్చు. ముందు గది పోయి, లోపలి గది నీలం రంగు గోడ, దేవుడి గూడు, బట్టలు తగిలించే మేకులు బజారుకు కనబడుతుంటాయి. అంత నష్టపోయి సంపాదించిన జాగా నడిచేవాళ్లకు దక్కిందా అంటే లేదు. మధ్యలో డివైడర్, రెండు వైపులా తారు, ఆ చివర పార్క్ చేసిన కార్లు. మిగిలింది మోరీ మీద పరిచిన బండలు. దాన్నే ఫుట్‌పాత్ అంటున్నారు. ఒక బండ పైకి లేచి ఉంటుంది, ఒక బండ అసలు ఉండదు, దాని మీదే ట్రాన్స్‌ఫార్మర్, దాని మీదే ఫ్లెక్సీ కర్ర.

ఈ జిల్లాలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులు నల్లగొండ ప్రాంతంలో ఒక తరం కాదు, రెండు మూడు తరాలు ఉన్నారు. కర్ర సాయంతో ఆసుపత్రికో, పింఛన్ కోసం పోస్టాఫీసుకో వచ్చే మనిషికి ఒకటిన్నర అడుగుల ఎత్తున్న మోరీ గట్టు ఎక్కడం ఎంత కష్టమో చూసినవాళ్లకు తెలుసు. పాదచారుల సౌకర్యాల మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. అంటే జానెడు కంటే తక్కువ. వేరే ఊళ్లో ఇది సౌకర్యం కావచ్చు, నల్లగొండలో ఇది వైద్యమంత అవసరం.

2016 అక్టోబర్ 11న పాత జిల్లాలు చీలి కొత్త జిల్లాలు వచ్చాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట. పరిపాలన దగ్గరికి వస్తుందన్నది ఆశయం. జిల్లా కేంద్రం దగ్గరైంది నిజమే. కానీ సమీకృత కలెక్టరేట్లను ఎక్కువగా ఊరి బయట కట్టారు. వనపర్తిలో 2022 మార్చిలో, మహబూబ్‌నగర్‌లో అదే ఏడాది డిసెంబర్‌లో కొత్త భవనాలు ప్రారంభమయ్యాయి. అన్ని శాఖలు ఒకే కప్పు కింద ఉండటం రైతుకు మేలే. బస్సు దిగి నడిచి కచేరీకి పోయే రోజులు మాత్రం పోయాయి. దరఖాస్తు చేతిలో పట్టుకుని వచ్చిన మనిషి మళ్లీ ఆటో ఎక్కాలి. పాత కచేరీ చుట్టూ బతికిన జిరాక్స్ షాపులు, దస్తావేజు రాసేవాళ్లు, చాయ్ కొట్లు చెల్లాచెదురయ్యాయి. వనపర్తి ప్యాలెస్‌ను కాలేజీ చేసిన నాటి ఆలోచననూ ఈ ఆలోచననూ పక్కపక్కన పెట్టి చూస్తే ఊరి మధ్య అంటే మనకున్న గౌరవం ఎంత మారిందో తెలుస్తుంది.

ఇదే కాలంలో చెరువు కట్టల మీద మినీ ట్యాంక్‌బండ్లు వచ్చాయి. సూర్యాపేట సద్దల చెరువు, మహబూబ్‌నగర్ పెద్ద చెరువు బాగుపడ్డాయి, సాయంత్రం పిల్లాపాపలతో కళకళలాడుతున్నాయి. నాకు అవి చాలా ఇష్టం. కానీ అక్కడికి నడిచి చేరే దారి లేక, వాకింగ్ కోసం బైకు మీద పోవాల్సి వస్తోంది. నడక ఇంటి గడప నుంచి మొదలవ్వాలి.

చట్టాల వైపు నుంచి ఊతం ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం తోపుడుబండి వాళ్లకు రక్షణ ఇచ్చింది, వాళ్లతో కూడిన టౌన్ వెండింగ్ కమిటీయే జాగాల గురించి మాట్లాడాలంది. ఫుట్‌పాత్ అనగానే బండ్లవాళ్లను తరిమేయడం గుర్తుకొస్తుంది మన అధికారులకు. అది అన్యాయం. వెలుగూ మనుషులూ ఉన్న వీధిలోనే ఆడపిల్లలు రాత్రి ఎనిమిదింటికి ధైర్యంగా నడుస్తారు, ఆ వెలుగు సగం బజ్జీల బండిదే. 2025 మేలో సుప్రీంకోర్టు అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది, రాష్ట్రాలు మార్గదర్శకాలు తేవాలంది. అదే ఏడాది మహబూబ్‌నగర్ మున్సిపల్ కార్పొరేషన్ అయింది. హోదా పెరిగితే కొత్త ప్రణాళికలు వస్తాయి. గుట్ట కనబడే దారులు, పాత బజారు ఇళ్ల వరుస, అరుగుకు అనుమతి, బస్టాండు నుంచి ఆసుపత్రి దాకా ఎక్కడా తెగని ఫుట్‌పాత్ ఆ కాగితాల్లోకి ఎక్కాల్సింది ఇప్పుడే.

ఇక నల్లగొండ బైపాస్. జాతీయ రహదారికి బైపాస్ పూర్తయితే ఊళ్లోని పాత ముక్కను కేంద్రం రాష్ట్రానికి అప్పగిస్తుంది. అప్పగించే ముందు ఒకసారి బాగుచేయడానికి నిధులిచ్చే పద్ధతి కూడా ఉంది. ఆ డబ్బుతో మామూలుగా అయితే ఇంకో పొర తారు, కొత్త డివైడర్, వరుసగా రంగు లైట్లు వస్తాయి. బదులుగా లారీలు ఖాళీ చేసిన వెడల్పులోంచి రెండు వైపులా రెండేసి మీటర్ల నడక దారి, వేప, కానుగ చెట్ల వరుస, బండ్లకు గీసిన జాగాలు, స్కూళ్ల దగ్గర రోడ్డుతో పాటు ఎత్తు పెంచిన క్రాసింగ్‌లు వేయొచ్చు. భూసేకరణ అక్కర్లేదు, ఇల్లు ఒక్కటీ కోయక్కర్లేదు. బైపాస్ పనుల హడావుడిలోనే ఈ డ్రాయింగ్ కూడా సిద్ధం చేయమని ఊరి ప్రజాప్రతినిధులను, రోడ్లు భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) ఇంజనీర్లను నల్లగొండ వాళ్లు అడగాలి. రోడ్డు చేతులు మారాక అడిగితే అప్పటికే ఎస్టిమేట్లు తయారై ఉంటాయి.