పుట్టింది ఒక ఊళ్లో, లెక్క ఇంకో ఊళ్లో

చిన్నీ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో చిన్ని అడిగింది గుర్తుందా? "వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లు పిల్లల్ని ఎక్కువ కంటారట, మా క్లాసులో ఒకడు అన్నాడు. నిజమేనా అమ్మమ్మా?" అని. అంతలోనే సిగ్నల్ పోయింది. ముప్పై ఏళ్లు నర్సమ్మగా కాన్పుల రిజిస్టరు రాసినదాన్ని, దీనికి జవాబు చెప్పకుండా ఉండలేను.

నేను పనిచేసింది నల్లగొండ జిల్లాలో, గట్టుప్పల్ పక్క ఊళ్లో. అంతా మగ్గాల ఊళ్లు. గిట్టుబాటు లేక చాలా ఇళ్లవాళ్లు మహారాష్ట్రలోని భివండి, షోలాపూర్‌లకు సాంచెల (కరెంటు మగ్గాల) మీదికి పోయారు. కాపురం అక్కడ ఉన్నా తొలి కాన్పుకు ఆడపిల్ల తల్లిగారింటికి రావాల్సిందే. ఏడో నెలలో బస్సు దిగేవాళ్లు, చేతిలో ఒక సంచి, వెంట ఒక తమ్ముడో అన్నో. నెలాఖరుకు రిజిస్టరు చూస్తే ఊళ్లో ఉంటున్న జంటలు తక్కువ, పుట్టిన పిల్లలు ఎక్కువ. ఒకసారి మీటింగులో పై ఆఫీసరు "మీ ఊళ్లో కుటుంబ నియంత్రణ సంగతి చెప్పట్లేదా?" అని అందరి ముందూ గద్దించాడు. కాన్పుకు తల్లిగారింటికి వచ్చినవాళ్ల పేర్ల పక్కన ఎర్రసిరాతో 'భివండి' అని రాసి తీసుకుపోయాను. ఆయన పుస్తకం తెరవనే లేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మీ క్లాసు పిల్లాడి మాటలోనూ ఇదే చిక్కు. ఫ్రాన్స్‌లో 2017 లెక్క చూడండి. అక్కడే పుట్టిన ఆడవాళ్లకు సగటున 1.8 మంది పిల్లలు, బయటి నుంచి వచ్చినవాళ్లకు 2.6. చూడగానే "అమ్మో" అనిపిస్తుంది. కానీ వలసపోయే అమ్మాయి సంగతి ఆలోచించండి. పెళ్లవుతుంది, భర్త ముందు పోతాడు, ఈమె వీసా కోసం ఎదురుచూస్తుంది. ఆ ఏళ్లలో కాన్పులుండవు. అక్కడికి చేరాక ఒకటి రెండేళ్లలో బిడ్డ పుడుతుంది. ఖాళీగా గడిచిన ఏళ్లు ఆ దేశపు లెక్కలోకి రావు, కాన్పు మాత్రం వస్తుంది. అందుకే ఆ 2.6లో కొంత ఉత్త పొంగు. పైగా వాళ్లందరినీ కలుపుకున్నా ఫ్రాన్స్ సగటు పెరిగింది 0.1 మాత్రమే.

మీ అమ్మ సంగతే చూడండి. అమెరికాకు హెచ్-4 వీసా మీద, అంటే అక్కడ ఉద్యోగం చేసే భర్త వెంట పోయే భార్యకిచ్చే వీసా మీద పోయింది. 2015 దాకా ఆ వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేదు (తర్వాత కూడా కొందరికే ఇచ్చారు). "ఎట్లాగూ ఇంట్లోనే ఉంటున్నా కదా" అంది, ఏడాది తిరగకముందే చిన్ని పుట్టింది. ఆ ఒక్క ఏడాది చూసి ఎవరైనా లెక్క కడితే మా ఇంట్లో డజను మంది పుట్టాలి!

ఇక తర్వాతి తరం. మా మేనత్తకు ఏడుగురు, అందులో నలుగురు భివండి పోయాక పుట్టినవాళ్లే. ఆమె కూతురు అక్కడే మరాఠీ బడిలో చదివి, ఇద్దరు పుట్టాక ఆపరేషన్ చేయించుకుంది. మనవరాలికి ఒక్కడే, అదీ ముప్పై రెండేళ్లకు. ఒక్క గది ఖోలీ, బడి ఫీజులు, చూసుకోవడానికి అత్తగారు లేకపోవడం, ఇవన్నీ కలిసి చేసిన పని అది. చాలా దేశాల్లోనూ వలసవాళ్ల బిడ్డలు తల్లుల కంటే తక్కువే కంటున్నారు. అందరూ ఒకేలా తగ్గలేదు. బ్రిటన్‌లో పాకిస్తానీ, బంగ్లాదేశీ కుటుంబాల్లో కూతుళ్ల తరంలో తగ్గినా, అక్కడివాళ్ల కంటే ఇంకా కొంచెం ఎక్కువే. పెళ్లి ఏ వయసులో అవుతుంది, చదువు ఎంతవరకు సాగింది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

అసలు ఆ పిల్లాడికి ఇది చెప్పండి. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఉమ్మడి రాష్ట్రంలో ఒక్కో ఆడమనిషికి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 సర్వేలో తెలంగాణ 1.8. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 కావాలి. ఎక్కువ మందిని కనే అలవాటు మూటగట్టుకుని విమానం ఎక్కడానికి, అది ఇప్పుడు ఇక్కడే లేదు.

నా రిజిస్టరులో మీ ఇద్దరి పేర్లూ లేవు. మీ అమ్మ తల్లిగారింటికి రాలేదు మరి, తల్లే అక్కడికి రావాల్సొచ్చింది. వాము, శొంఠి పొట్లాలు కట్టుకుని దిగితే ఎయిర్‌పోర్టులో ఒకాయన వాము విప్పి రెండుసార్లు వాసన చూశాడు. "బాలింతకు" అన్నాను తెలుగులోనే. ఏమర్థమైందో, మళ్లీ మడిచి ఇచ్చేశాడు.

మీ అమ్మమ్మ