బక్కచిక్కిన గెకోను తెచ్చుకున్నారా? అపోహలు - వాస్తవాలు

సరీసృపాలకు వైద్యం చేస్తుంటాను కాబట్టి, "ఎవరో వదిలేసి వెళ్లారు", "పాత యజమాని పట్టించుకోలేదట" అంటూ డబ్బాలో పెట్టి తెచ్చే లెపర్డ్ గెకోలను (ఇళ్లలో పెంచుకునే ఒక రకం బల్లులను) తరచూ చూస్తుంటాను. తుంటి ఎముకలు పొడుచుకొచ్చి ఉంటాయి, కళ్లు లోపలికి పోయి ఉంటాయి, బొద్దుగా ఉండాల్సిన తోక పుల్లలా ఎండి ఉంటుంది. తెచ్చినవాళ్ల మంచి మనసు గురించి అనుమానమే లేదు. కానీ మొదటి రెండు మూడు రోజుల్లో ప్రేమ కొద్దీ చేసే పనులే కొన్నిసార్లు దాని ప్రాణం మీదికి తెస్తాయి. నేను ఎక్కువగా వినే అపోహలు ఇక్కడ రాస్తున్నాను. ప్రత్యేకంగా చెప్పని చోటల్లా ఇది లెపర్డ్ గెకో గురించే.

అపోహ: ఎన్నాళ్లుగానో ఆకలితో ఉంది కాబట్టి వెంటనే కడుపు నిండా పెట్టాలి.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. చాలా కాలం తిండి లేని శరీరం తన కొవ్వును, కండను తానే కరిగించుకుని బతుకుతుంది. ఆ క్రమంలో కణాల్లోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు అడుగంటుతాయి. రక్తపరీక్షలో మాత్రం అవి మామూలుగానే కనిపించవచ్చు. ఆ స్థితిలో ఒక్కసారిగా బాగా తిండి పెడితే ఇన్సులిన్ పెరుగుతుంది. రక్తంలో మిగిలిన ఆ కాస్త ఖనిజాలు కూడా కణాల్లోకి వెళ్లిపోతాయి. దాంతో కండరాలు నీరసిస్తాయి, గుండె లయ తప్పుతుంది. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటాం. "నిన్న చక్కగా తిన్నది డాక్టర్, ఇవాళ చూస్తే కదలట్లేదు" అని ఎవరైనా చెబితే నాకు ముందు వచ్చే అనుమానం ఇదే.

ఇంకో సంగతి. గెకో తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు, పరిసరాల నుంచే తీసుకుంటుంది. ఒళ్లు చల్లగా ఉంటే పేగులు సరిగా కదలవు, అరుగుదల ఆగిపోతుంది. మింగిన పురుగు లోపలే కుళ్లుతుంది, లేదంటే ఒకటి రెండు రోజుల తర్వాత దాదాపు అలాగే బయటికి వచ్చేస్తుంది. ఒంట్లో నీరు లేకపోయినా పరిస్థితి దాదాపు ఇంతే. కాబట్టి ముందు వేడి, తర్వాత నీరు, ఆ తర్వాతే తిండి. ఈ వరస మార్చొద్దు.

తిండి మొదలుపెట్టేటప్పుడు ఎంత తక్కువ పెట్టాలో తెలిస్తే చాలామంది నమ్మరు. సరీసృపాలకు వాడే లెక్క ప్రకారం 30 గ్రాముల గెకో విశ్రాంతిగా ఉన్నప్పుడు రోజంతటికీ ఖర్చు చేసేది సుమారు 2 క్యాలరీలే. బాగా చిక్కిపోయిన దానికి నేను అందులో పావు వంతుతో మొదలుపెడతాను. కక్కకుండా ఉంటే, మలం వస్తుంటే, కొన్ని రోజుల పాటు కొంచెం కొంచెంగా పెంచుతాను. మీ డాక్టర్ ఇంకో లెక్క చెబితే అదే పాటించండి. ఆ గెకోను కళ్లతో చూసింది ఆయన కదా.

అపోహ: వేడి ఎంత ఎక్కువ ఉంటే అంత త్వరగా కోలుకుంటుంది.

వాస్తవం: గూడు మొత్తాన్ని వేడి చేస్తే గెకోకు తప్పించుకునే చోటు ఉండదు, ఉన్న కాస్త నీరూ ఆవిరైపోతుంది. ఒక వైపు నేల 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, రెండో వైపు 24 నుంచి 26 ఉండాలి. రెండు చోట్లా దాక్కోవడానికి గుల్ల ఉండాలి. ఎటు వెళ్లాలో అదే తేల్చుకుంటుంది. హీట్ మ్యాట్‌కు (గూటి అడుగున పెట్టే వేడి చాపకు) థర్మోస్టాట్, అంటే వేడి హద్దు దాటకుండా ఆపే పరికరం, తప్పనిసరి. ఇందులో నేను రాజీ పడను. నీరసించిన గెకో వేడెక్కిన చోటు నుంచి లేచి జరగలేదు, పొట్ట కింద కాలిపోతున్నా అక్కడే పడుకుంటుంది. హీట్ రాక్ అని అమ్మే వేడి రాళ్లు అసలు వాడొద్దు. వాటి మీద పడుకుని పొట్ట కాలిన గెకోలకు కట్లు కట్టాను. గాజుకు అతికించే గడియారం లాంటి థర్మామీటర్‌ను నమ్మకండి, అది చెప్పేది గాలి వేడి. గెకో పొట్ట ఆనే చోట వేడి ఎంతో తెలియాలి.

అపోహ: నీళ్లలో నానబెడితే చర్మం నీరు పీల్చుకుంటుంది.

వాస్తవం: చర్మం గుండా పెద్దగా ఏమీ లోపలికి పోదు. గోరువెచ్చని నీళ్లలో పెడితే చాలా గెకోలు తల వంచి నాకుతాయి, పేగులు కదిలి మలం విసర్జిస్తాయి, వేళ్లకు పట్టుకున్న పాత చర్మం పొర మెత్తబడుతుంది. లాభమంతా వీటి వల్లే. నీరు 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి, పొట్టను తాకేంత లోతు చాలు. పది పదిహేను నిమిషాలు మించొద్దు, పక్కనుంచి కదలొద్దు. తల కూడా నిలపలేనంత నీరసంగా ఉంటే నీళ్లలో పెట్టనే కూడదు, మునిగిపోతుంది. నోట్లో లాలాజలం తీగలా సాగుతుంటే, వీపు చర్మాన్ని మెల్లగా ఎత్తి వదిలితే మడత అలాగే ఉండిపోతుంటే, మలంతో వచ్చే తెల్లటి భాగం పసుపో నారింజో రంగులో ఉంటే, ఒంట్లో నీరు బాగా తగ్గిందని అర్థం. అలాంటప్పుడు చర్మం కింద ఫ్లూయిడ్స్ ఎక్కించాల్సి వస్తుంది. అది డాక్టర్ చేయాల్సిన పని.

అపోహ: తినకపోతే నోరు తెరిచి పెట్టాల్సిందే.

వాస్తవం: ఆ దవడలు చాలా సున్నితం. కాల్షియం లోపం ఉంటే ఇంకా మెత్తబడి ఉంటాయి, కాస్త గట్టిగా నొక్కితే విరుగుతాయి. నాలుక మొదట్లోనే శ్వాసనాళం ద్వారం ఉంటుంది. సిరంజితో ఒక్కసారిగా నోట్లోకి తోస్తే ఆహారం నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నేను చేసేది ఇది. మాంసాహార జంతువులు కోలుకోవడానికి తయారైన ఆహారపు పొడిని (రికవరీ పొడి) పల్చగా కలిపి, సూది లేని సిరంజి కొసన ఒక్క చుక్క నిలిపి, పై పెదవి అంచుకు తాకిస్తాను. మొదట కొంతసేపు ఏమీ జరగదు, అది రాయిలా కూర్చుంటుంది. తర్వాత గులాబీ రంగు నాలుక బయటికి వచ్చి ఆ చుక్కను తుడుచుకుపోతుంది, ఒక్కోసారి కంటి దాకా వెళ్లి కంటిని కూడా నాకి వస్తుంది. గొంతు కింద చర్మం ఒకసారి లోపలికి పోయి బయటికి వస్తే మింగిందన్నమాట. అప్పుడే రెండో చుక్క. మూతి పక్కకు తిప్పుకుంటే ఆ పూటకు అక్కడితో సరి. తొందరగా అవ్వదు, కానీ ఇలా నాకే గెకోకు నోరు తెరిచి పెట్టాల్సిన అవసరం రాదు. నాకడం కూడా మానేసిన వాటికి ట్యూబ్ వేయాల్సి వస్తే క్లినిక్‌లో వేస్తాం.

తేనె, పంచదార నీళ్లు, పాలు, పిల్లి తిండి, పండ్ల గుజ్జు ఏవీ వద్దు. లెపర్డ్ గెకో పురుగులు మాత్రమే తినే జీవి.

అపోహ: వ్యాక్స్‌వార్మ్స్ (తేనెపట్టు మైనం తినే పురుగు లార్వాలు) పెడితే త్వరగా ఒళ్లు చేస్తుంది.

వాస్తవం: బరువు పెరుగుతుంది, నిజమే. కానీ వాటిలో కొవ్వు ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. అలవాటు పడితే మిగతా పురుగుల వైపు చూడదు. నీరసించిన గెకో దేన్నీ ముట్టనప్పుడు ఆకలి పుట్టించడానికి ఒకటి వాడతాను, అంతకు మించి కాదు. రోజువారీ తిండి కీచురాళ్లు, డూబియా బొద్దింకలు, పట్టుపురుగుల లార్వాలు, బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వాలు కావాలి. వీటిలో చివరివాటిలో మాత్రమే కాల్షియం సహజంగా బాగా ఉంటుంది. కీచురాళ్లలో, మీల్‌వార్మ్స్‌లో (పిండి పురుగు లార్వాల్లో) ఫాస్ఫరస్ కాల్షియం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. గెకోకు కావాల్సింది దానికి తలకిందులు, కాల్షియమే సుమారు రెండింతలు ఉండాలి. అందుకే కాల్షియం పొడి చల్లమంటాం. పురుగులకు కూడా ఒకటి రెండు రోజుల ముందు నుంచి మంచి ఆకుకూరలు పెట్టి పోషించాలి. పస్తులున్న పురుగును పెడితే గెకోకు దక్కేది పై పొట్టు మాత్రమే. విటమిన్ డి3 కలిసిన పొడిని మాత్రం రోజూ చల్లొద్దు, అది ఎక్కువైతే విషమే.

కీచురాళ్లను రాత్రంతా గూట్లో వదిలేయడం నాకు అస్సలు నచ్చదు. ఆకలేస్తే అవి గెకోను కొరుకుతాయి. పారిపోలేని గెకోకు వేళ్ల దగ్గర, కంటి చుట్టూ పుండ్లు పడతాయి. పట్టకారుతో అందించండి, తినకపోతే తీసేయండి. తోటలో పట్టిన పురుగులు వద్దు, వాటి మీద ఏ మందు పడిందో తెలియదు. మిణుగురులైతే బల్లి జాతులను చంపేసేంత విషం.

(మింగిన మీల్‌వార్మ్ గెకో కడుపును కొరుక్కుని బయటికి వస్తుందన్నది కట్టుకథ. భయపడకండి.)

అపోహ: తోక సన్నబడిందంటే తిండి చాలక, అంతే.

వాస్తవం: చిక్కిపోవడం లక్షణం మాత్రమే, జబ్బు పేరు కాదు. తిండి పెట్టకపోవడం ఒక కారణం కావచ్చు. ఇంకా ఎన్నో ఉండవచ్చు: వేడి చాలని గూడు, ఇసుక మింగి పేగు మూసుకుపోవడం, నోట్లో చీము, కంటి రెప్ప కింద పాత పొర చిక్కుకుని వేటాడలేకపోవడం, ఆడదైతే గుడ్లు లోపలే ఆగిపోవడం, కడుపులో విపరీతమైన నులిపురుగుల బెడద. తోక తెగిపోయి ఉంటే అదొక నష్టం, ఎందుకంటే లెపర్డ్ గెకో కొవ్వు దాచుకునేది ప్రధానంగా తోకలోనే. ఎప్పుడూ తోక పట్టుకుని ఎత్తొద్దని చెప్పేది ఇందుకే.

వీటన్నిటిలో నాకు బాగా టెన్షన్ పెట్టేది క్రిప్టోస్పోరిడియం. ఇది చిన్నపేగు గోడను పట్టుకునే ఏకకణ పరాన్నజీవి. గెకో తింటుంది, అయినా బక్కచిక్కుతూనే ఉంటుంది. మలం పల్చగా, దుర్వాసనతో వస్తుంది. తిన్నది కక్కవచ్చు. మలం లేదా స్వాబ్ నమూనా మీద పీసీఆర్ పరీక్ష (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) చేయిస్తే తెలుస్తుంది. కానీ ఈ క్రిమి మలంలో అన్ని రోజులూ బయటపడదు. ఒకసారి నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండలేం, కొన్ని వారాల తేడాతో మళ్లీ చేయించాలి. నమ్మకంగా పూర్తిగా తగ్గించే మందు లేదు. మామూలు బ్లీచ్‌కు దీని గుడ్లలాంటి సిస్టులు చావవు, 65 డిగ్రీలు దాటిన వేడి కావాలి. పాజిటివ్ వచ్చి, రోజురోజుకూ క్షీణిస్తున్న గెకోను బాధ లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చమని నేనే సలహా ఇచ్చిన సందర్భాలున్నాయి. ఆ మాట చెప్పడం ఎప్పుడూ తేలిక కాదు, కానీ నెలల తరబడి ఆకలితో కరిగిపోనివ్వడం అంతకన్నా అన్యాయం.

ఇంట్లో వేరే గెకోలు ఉంటే కొత్తదాన్ని వేరే గదిలో ఉంచండి. కనీసం మూడు నెలలు ఉంచమంటాను. పట్టకారు, నీళ్ల గిన్నె, గుల్ల అన్నీ వేరే. ముందు పాతవాటి పని ముగించి, చివరికి దీని దగ్గరికి వెళ్లండి. అడుగున ఇసుక వద్దు, టిష్యూ పేపర్ పరవండి. మలం రంగు, గట్టితనం దాని మీదే బాగా కనిపిస్తాయి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, గిన్నెలు వంటగది సింక్‌లో కడగొద్దు. ఆరోగ్యంగా కనిపించే సరీసృపాలు కూడా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాను మోస్తుంటాయి. ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

అపోహ: రాగానే నులిపురుగుల మందు వేసేయాలి.

వాస్తవం: మలం పరీక్షలో కొద్దిగా పిన్‌వార్మ్స్ (పేగుల్లో ఉండే సన్నటి నులిపురుగులు) కనిపించడం గెకోల్లో మామూలే. ఒంట్లో నీరు, కండ లేని జీవికి ఆ మందులే భారమవుతాయి. అత్యవసరమైతే తప్ప నేను ముందు దాన్ని నిలదొక్కుకోనిచ్చి, తర్వాతే మందు రాస్తాను. కుక్కల కోసం తెచ్చిన సీసాలోంచి అంచనాగా చుక్క వేయడం మాత్రం ఎన్నడూ చేయకండి. 30 గ్రాముల శరీరానికి చుక్కలో తేడా కూడా ఎక్కువే.

అపోహ: ఏ గెకోకైనా ఇవే నియమాలు.

వాస్తవం: క్రెస్టెడ్ గెకోకు పైన చెప్పిన వేడి ప్రాణాంతకం. దానికి 22 నుంచి 26 డిగ్రీలు చాలు, 28 దాటితే ప్రమాదం. దాని తోక సన్నగా ఉందని చిక్కిపోయిందనుకోవద్దు, అది తోకలో పెద్దగా కొవ్వు దాచుకోదు, ఊడితే మళ్లీ మొలవదు. దానిలో చూడాల్సింది తుంటి, వెన్నెముక. తిండి కూడా వేరు, నీళ్లలో కలిపే పండ్ల ఆధారిత పొడి. ముందు మీ దగ్గరున్నది ఏ జాతో తేల్చుకోండి. కనురెప్పలు మూసి తెరుస్తూ, గాజు మీద పాకలేకపోతుంటే అది చాలావరకు లెపర్డ్ గెకోనే.

అపోహ: చేతిలో పెట్టుకుని నిమిరితే ధైర్యంగా ఉంటుంది.

వాస్తవం: దానికి మన చెయ్యి ఇంకా శత్రువే. నీళ్లకు, తూకానికి తప్ప ముట్టుకోకండి.

అపోహ: రోజూ తూస్తేనే బాగవుతోందో లేదో తెలుస్తుంది.

వాస్తవం: ఒక్క మలవిసర్జనతోనే తూకం గ్రాము దాకా మారవచ్చు. మొదటి రోజుల్లో పెరిగేది కూడా ఎక్కువగా నీరే. గ్రాములో పదో వంతు చూపే డిజిటల్ తూకం తీసుకోండి. మూత ఉన్న చిన్న డబ్బాలో పెట్టి, తిండికి ముందు, వారానికి రెండుసార్లు తూచి రాసుకోండి. పెద్ద లెపర్డ్ గెకోలు సాధారణంగా 45 నుంచి 80 గ్రాములు ఉంటాయి, కానీ ఒక్కోదాని ఎముకల కట్టు ఒక్కోలా ఉంటుంది. గ్రాములతో పాటు వారానికోసారి పైనుంచి ఒక ఫొటో తీయండి. తోక వెడల్పు మెడ వెడల్పుకు దగ్గరవుతుంటే సరైన దారిలో ఉన్నట్టే. దీనికి నెలలు పడుతుంది. బాగా తింటున్నా రెండు మూడు వారాలుగా తూకం కదలకపోయినా, తగ్గుతున్నా ఆ పుస్తకంతో, తాజా మలంతో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, కాళ్లు వణుకుతున్నా, వరసగా రెండుసార్లు కక్కినా ఆ రోజే వెళ్లాలి.

అపోహ: తోక నిండితే ఇక చాలు.

వాస్తవం: తోక నిండాక కూడా పీసీఆర్ ఇంకోసారి చేయించి, క్వారంటైన్ గడువు పూర్తయ్యాకే మిగతావాటి గదిలోకి తేవాలి. అప్పుడు కూడా దాని గూడు దానికే. ఆ సమయానికి తిండి తగ్గించండి. కోలుకునేటప్పుడు పెట్టినంత పెద్దయిన గెకోకు పెడుతూ పోతే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గెకోకు రెండు మూడు రోజులకోసారి పెడితే సరిపోతుంది.