టమాటా అడుగున నల్లమచ్చ

చిరంజీవులిద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో పెద్దది అడిగింది, "తోట, సంఘం పనులు, ఇల్లు, కథలు... అన్నిటికీ నీకు టైమ్ ఎలా సరిపోతుంది అమ్మమ్మా?" అని. సరిపోదే తల్లీ. ఆ మాట అక్కడే చెప్పేద్దామంటే మీ తాతయ్య కళ్ళజోడు కనిపించడం లేదని ఇల్లంతా వెతుకుతున్నారు. అందుకే ఈ ఉత్తరం.

బడి పత్రికకి కథ ఇస్తానన్నావట, నాటకంలో వేషం వేస్తానన్నావట, శనివారాలు లైబ్రరీలో పుస్తకాలు సర్దుతానని కూడా ఒప్పుకున్నావట. అచ్చం నా పోలికే. కాబట్టి నేను చేసిన తెలివితక్కువ పని ముందు చెబుతాను.

మీ అమ్మకి ఏడేళ్ళప్పుడు నేను కాలనీ సంఘానికి కార్యదర్శిని, గ్రంథాలయ కమిటీలో సభ్యురాలిని. ఇవి చాలవన్నట్టు పెరట్లో పన్నెండు టమాటా మొక్కలు పెట్టాను. కాపు బాగానే పట్టింది కానీ ప్రతి కాయకీ అడుగున నల్లమచ్చ. పురుగేమో అనుకున్నాను, కాదు. కాల్షియం లోపమని ఎవరో అంటే గుడ్డుపెంకులు దంచి పోశాను. ఏమీ మారలేదు. చివరికి తోటపనిలో తలపండిన ఒక పెద్దాయన వచ్చి, మట్టిలో వేలు గుచ్చి చూసి, "నీళ్ళు రోజూ పోస్తున్నావా అమ్మా?" అని అడిగారు.

రోజూ ఎక్కడ? నాలుగు రోజులు మీటింగులని తిరిగి, ఐదో రోజు గుర్తొచ్చి బిందెలకు బిందెలు కుమ్మరించేదాన్ని. మట్టిలో కాల్షియం ఉన్నా అది కాయకి చేరాలంటే వేరు పీల్చిన నీటితోనే పైకెక్కాలి. ఆ నీటిలో ఎక్కువ భాగాన్ని ఆకులే లాగేసుకుంటాయి, కాయకి అందేది తక్కువ. నీరు తెగిపోతే ఆ కాస్తా అందక, కాయ చివర కణాలు చచ్చి నల్లబడతాయి. ఐదో రోజు చెరువంత నీళ్ళు పోసినా నల్లబడిన కాయ బాగుపడదు. తడి ఒకే తీరుగా ఉంచితే తర్వాత వచ్చే కాయలు మాత్రం శుభ్రంగా వస్తాయి.

ఆ ఏడాది నా కథల సంగతీ అదే. రెండు నెలలకోసారి ఒక ఆదివారం మొత్తం ఖాళీ చేసుకుని కూర్చునేదాన్ని. ఈ పాత్ర ఎవరు, ఈమెకి కోపం ఎందుకొచ్చింది అని పాత కాగితాలు తిరగేసుకునేసరికే మధ్యాహ్నం అయిపోయేది. రోజుకి అరగంట దొరికినా ఆ కథ బతికేది.

నాలుగు పనులకీ సమానంగా సమయం పంచమని చెబుతాననుకుంటున్నారేమో, అది నాకు ఎప్పుడూ చేతకాలేదు. నేను చూసుకునేది ఒక్కటే, ఏది ఆగుతుంది, ఏది ఆగదు అని. తోటలోనే రెండు రకాలూ ఉంటాయి. నారు ఆగదు. చిన్న కుండీలో వేళ్ళు చుట్టలు చుట్టుకునేదాకా ఉంచితే, నేలలో నాటాక కూడా కోలుకోవడానికి చాలా రోజులు తీసుకుంటుంది. బీన్స్ రెండు మూడు రోజులకోసారి కోయాల్సిందే. తీగ మీదే ముదరనిస్తే, గింజలు వచ్చేశాయిగా, నా పనైపోయిందన్నట్టు మొక్క పూత తగ్గించేస్తుంది. చిన్నోడా, నీ కుండీల్లో కాపు ఆగిపోయింది అందుకే. ముదురు కాయలన్నీ కోసెయ్. అదే కంపోస్టు కుప్ప అయితే మహా ఓర్పు గలది. వారానికోసారి తిరగేసి, తడి చూసుకుంటే రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది. పట్టించుకోకపోతే ఏడాది పట్టొచ్చు, కానీ అవుతుంది.

ఇంట్లోనూ అంతే. బట్టలు మడత పెట్టడం ఆగుతుంది, జ్వరం ఆగదు. ఇంకా ఆగనిది మరొకటి ఉంది. ఒక సాయంత్రం మీటింగు మినిట్స్ రాసుకుంటుంటే మీ అమ్మ బడి నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, ఇవాళ ఏమైందో తెలుసా" అంది. "ఒక్క నిమిషం" అన్నాను, తలెత్తకుండా. రాయడం అయ్యాక పిలిస్తే "ఏం లేదు" అని ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ రోజు ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. దానికీ గుర్తులేదట. ఆ మినిట్స్ నెల దాకా ఎవరూ అడగలేదు.

సంఘం పనుల్లో ఉన్న మాయే అది. అన్నీ అర్జెంటులా కనిపిస్తాయి, చాలావరకు ఆగుతాయి. పైగా గంట మీటింగని ఒప్పుకుంటాం, దాని వెనక ఫోన్లు, లెక్కలు, అలిగినవాళ్ళని బుజ్జగించడం తోకలా వస్తాయి. కిందటిసారి ఆలస్యమైందని తెలిసి కూడా ఈసారి తొందరగా అయిపోతుందనే అనుకుంటాం. డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ఈ జబ్బుకి ఓ పేరు కూడా పెట్టారు. నా మందు మోటుది: గంట అంటే మూడు గంటలని రాసుకుంటాను. ఒప్పుకునే ముందే ఇది ఎప్పుడు ముగుస్తుంది, నా తర్వాత ఎవరు చూస్తారు అని అడుగుతాను. జవాబు లేకపోతే ఆ పని నా మెడకి చుట్టుకున్నట్టే. ఇక కుదరనప్పుడు "చూస్తాను" అనకండి. మొహమాటానికి అనే ఆ మాటని అవతలివాళ్ళు సరే అన్నట్టే తీసుకుంటారు. ఈసారికి కుదరదండీ అంటే పది నిమిషాలు ముఖం ముడుచుకుంటారు, అంతే.

రాత మాత్రం ఎంతకాలమైనా ఆగుతుంది. అందుకే అన్నిటికంటే ముందు అదే పోతుంది. నీళ్ళు పోయకపోతే మొక్క వాడి చూపిస్తుంది, కథ వాడినా కనిపించదు. ఆంథొనీ ట్రోలప్ అనే ఇంగ్లిష్ నవలాకారుడు తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ 47 నవలలు రాశాడు. తెల్లవారుజామున 5:30కి బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 మాటలు లెక్కన రాసేవాడు. ఇది విని నేను చాలాకాలం సిగ్గుపడ్డాను. తర్వాత తెలిసింది, ఆయన్ని లేపి కాఫీ ఇవ్వడానికి ఒక పనివాడు ఉండేవాడని, దానికి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడని! సిగ్గు సగం తగ్గింది.

నాకు దగ్గరగా అనిపించేది అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్. బడిలో చదువుకునే వయసులోనే 400కు పైగా మొక్కల నమూనాలు ఎండబెట్టి పుస్తకంలో అంటించింది. జీవితాంతం తోట పెంచింది, ఇంటిపని చేసింది, చిరిగిన కవర్ల వెనక కూడా కవితలు రాసుకుంది. దాదాపు 1,800 కవితలు! నా జాకెట్టు మడతలో పెన్సిల్ ముక్క ఎందుకుంటుందని నవ్వుతారుగా, ఇందుకే. కలుపు తీసేటప్పుడు చేతులు తమ పని తాము చేసుకుంటుంటే బుర్ర ఖాళీగా ఉంటుంది. పాత్రలు మాట్లాడేది అప్పుడే. ఫోన్ చేతిలో ఉంటే మాట్లాడవు, ఇది చాలాసార్లు చూశాను.

రోజూ రాతకి నేను ఇచ్చేది అరగంటే. లేచేటప్పుడు వాక్యం పూర్తి చేయను, సగంలో వదిలేస్తాను. మర్నాడు కూర్చోగానే ఆ మిగతా సగం చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్తుంది. నారు నాటే వారం ఆ అరగంట కూడా ఉండదు, అప్పుడు ఆ వారం తోటది. మీ తాతయ్యకి ఆపరేషన్ అయిన నెల తోటంతా కలుపుతో నిండిపోయింది, నేను అటు చూడనే లేదు.

పెద్దదానా, నీ మూడింటిలో నాటకానికి తేదీ ఉంది, నీ కోసం పదిమంది కాచుకుని ఉంటారు. అది వదలకు. లైబ్రరీ వాళ్ళకి నాటకం అయ్యాక వస్తానని ఇవాళే చెప్పు, రేపటికి వాయిదా వేశావో వాళ్ళు నీ పేరు బోర్డు మీద రాసేస్తారు. కథ ఎక్కడిదాకా వచ్చిందో నాకు రాయి, ఒక్క పేజీ అయినా సరే.

ఈ ఉత్తరం నాలుగు విడతల్లో రాశాను, సిరా రంగు చూస్తే మీకే తెలుస్తుంది. కళ్ళజోడు దొరికింది, తాతయ్య నెత్తి మీదే ఉంది. నారు ట్రే మీదకి ఎండ వచ్చేసింది, లేచి నీడలోకి జరపాలి.

మీ
అమ్మమ్మ