తెల్లనివన్నీ కొంగలే

జులైలో మావయ్య పొలంలో దమ్ము చేస్తుంటే గట్టు మీద కూర్చున్నాను. ట్రాక్టర్ వెనకాలే పాతిక ముప్పై కొంగలు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. మావయ్య కొడుక్కి పక్షుల పిచ్చి. "బావా, ఇందులో ఎన్ని రకాలున్నాయో చెప్పు" అన్నాడు. కొంగంటే కొంగే కదరా అన్నాను.

"ముందు ముక్కు చూడు, తర్వాత కాళ్లు." పసుపు ముక్కు, తలా మెడా నారింజ రంగు పూసినట్టుంటే అది పశువుల వెంట తిరిగే కొంగ. ముక్కూ కాళ్లూ నల్లగా ఉండి, ఎగిరినప్పుడు పాదాలు మాత్రం పసుపులో ముంచి తీసినట్టు కనిపిస్తే అది వేరే జాతి. నలభై ఏళ్లు చూసినా అందని తేడా అయిదు నిమిషాల్లో అందింది.

మరి ఇన్నేళ్ల చూపు ఏమైనట్టు? జేమ్స్ టనాకా, మరో ఇద్దరు పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగం సరిగ్గా దీని మీదే. పది రకాల గుడ్లగూబలు, పది రకాల పొడుగుకాళ్ల నీటిపక్షులు, ఆరు రోజుల శిక్షణ. రెండు గుంపుల బొమ్మలూ సమానంగానే చూపించారు. కాకపోతే ఒక గుంపులో ప్రతి పక్షికీ దాని జాతి పేరు చెప్పాలి. రెండో గుంపులో 'గుడ్లగూబ' అనో 'నీటిపక్షి' అనో అంటే సరిపోతుంది. తర్వాత రెండేసి బొమ్మలు చూపి, ఇవి ఒకే జాతా వేర్వేరా అని అడిగారు. జాతి పేర్లతో నేర్చుకున్నప్పుడు చూపు బాగా పదునెక్కింది. శిక్షణలో లేని కొత్త ఫొటోలకే కాదు, అసలు నేర్పని కొత్త జాతులకూ ఆ నేర్పు పాకింది. ఊరికే చూసినంత మాత్రాన అంత రాలేదు.

ఎక్కడ చూడాలో తెలిస్తే ఎంత తేడా వస్తుందో చెప్పే ప్రయోగం ఇంకోటుంది, 1987 నాటిది. ఒకరోజు కోడిపిల్లల్లో ఆడామగా విడదీసే నిపుణులు గంటకు వెయ్యి పిల్లల్ని చూసి 98 శాతం పైగా సరిగ్గా చెప్పేస్తారు. బీడర్‌మన్, షిఫ్రార్ అనే పరిశోధకులు ఏమీ తెలియనివాళ్లకు అలాంటి పిల్లలవి 18 ఫొటోలు చూపిస్తే 60.5 శాతం సరిపోయాయి. బొమ్మా బొరుసా వేసినా సగం వస్తాయి కదా! ఫలానా చోట ఉబ్బుగా ఉందా, చదునుగానో గుంటగానో ఉందా చూడండని చెప్పాక, అవే ఫొటోలకు 84 శాతం. అయితే చేతిలో గిలగిల్లాడే పిల్లను పట్టుకుని అర సెకనులో తేల్చడం వేరే సంగతి లెండి.

గుడ్లగూబల ప్రయోగంలోలా, నేర్చుకున్నది కొత్తవాటికి పాకడం అన్నిచోట్లా జరగదు. 2000లో ఫర్మాన్‌స్కీ, ఎంగెల్ అనే పరిశోధకులు మామూలు వస్తువుల బొమ్మల్ని క్షణకాలం మెరిపించి పేర్లు చెప్పించారు. రోజులు గడిచేకొద్దీ జనం మెరుగయ్యారు. బొమ్మ సైజు మార్చినా ఆ నేర్పు నిలిచింది, కానీ కొత్త వస్తువుల బొమ్మలు పెట్టేసరికి అక్కరకు రాలేదు. గుడ్లగూబలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, ఒకదానిలో చూడాల్సిన చోటు ఇంకోదానిలోనూ పనికొస్తుంది. వేర్వేరు వస్తువులకు అలాంటి ఉమ్మడి అచ్చు లేదు. తేడా అక్కడే వచ్చిందని నా అనుమానం.

సాయంత్రం చెరువుగట్టు మీద వస్తుంటే మరో తెల్లటి పక్షి కనిపించింది. బాగా పొడుగు, మెడలో వంపు. "ఇది ఆ రెండూ కాదు" అని నేనే అన్నాను. పేరు మాత్రం తెలియదు. అంతలో బర్రెల మంద ఎదురొచ్చింది. మావయ్య దూరం నుంచే తన బర్రెను పోల్చుకుని కేకేశాడు. నాకైతే అన్నీ బర్రెలే.