మ్యాప్‌లో బాట ఉంది, బాట మీద నీళ్లున్నాయి

మూసీకి వరద వస్తే యాదాద్రి భువనగిరి జిల్లాలో ముందుగా మునిగేవి రెండు దారులు. ఒకటి జూలూరు–రుద్రవెల్లి మధ్య లోలెవల్ బ్రిడ్జి, రెండోది వలిగొండ మండలం సంగెం దగ్గరి భీమలింగం కత్వ, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట. హైదరాబాద్‌లో జంట జలాశయాల గేట్లు ఎత్తారని టీవీలో వస్తే ఇక్కడి వాళ్లకు సంగతి అర్థమైపోతుంది. బండి తీసే ముందు అవతలి ఊరికి ఫోన్ కొట్టి కనుక్కుంటారు. బయటి నుంచి వచ్చే కారుకు ఆ ఫోన్ నంబర్లు ఉండవు. ఉన్నదల్లా ఫోన్ స్క్రీన్ మీద మ్యాప్ యాప్ గీసే నీలి గీత. నీళ్లు పారుతున్నా అది కత్వ మీదుగా సీదా పొమ్మంటుంది, ఎవరైనా రోడ్డు మూసిన సంగతి దానికి చెబితే తప్ప.

తిట్లన్నీ యాప్‌కే పడతాయి. అందులో సగం దానికి దక్కాల్సినవే. మిగతా సగం ఎవరివో తెలియాలంటే ఆ గీత నల్గొండ, పాలమూరు మీదికి ఎట్లా వచ్చిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

ఈ నేలను కొలిచే పని యాప్‌లకు రెండు వందల ఏళ్ల ముందే మొదలైంది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే, 78 డిగ్రీల రేఖాంశానికి దగ్గరగా ఉత్తరం వైపు సాగింది. మహబూబ్‌నగర్ పట్టణం ఉన్నదీ దాదాపు ఆ రేఖాంశం మీదే. అతని సహాయకుడిగా హైదరాబాద్ వచ్చిన జార్జ్ ఎవరెస్ట్, 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పనిచేస్తూ మలేరియాతో మంచాన పడ్డాడు. కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా వెళ్లాల్సి వచ్చింది. ఎవరెస్ట్ శిఖరానికి పెట్టింది ఈయన పేరే. అంత కష్టపడి కొలిచింది రాజ్యం కోసం, సైన్యం కోసం. దేవరకొండ సంతకు పోయే బండివాడికి ఆ పటంతో పనిలేదు, అతనికి దాన్ని చూపించిన వాళ్లూ లేరు.

ఊరి మనిషికి పనికొచ్చిన పటం వేరే ఉంది. నిజాం కాలం నుంచి వస్తున్న రెవెన్యూ నక్షా అది. సర్వే నంబర్లు, కుంటలు, వాగులు, వాటి మధ్య చుక్కల గీతలతో బండ్లబాట. ఇప్పటికీ పొలం దారి తగాదా వస్తే తహసీల్దార్ ఆఫీసులో బయటికి తీసేది ఈ నక్షానే. తమాషా ఏమిటంటే నక్షాలో ఉన్న బండ్లబాటలు చాలాచోట్ల దున్నకంలో కలిసిపోయాయి. నక్షాలో లేని ట్రాక్టర్ దారులు మాత్రం ఆకాశం నుంచి తీసిన ఫొటోలో తెల్లగా, అచ్చం రోడ్డులాగే కనబడతాయి. ఆ ఫొటో చూసి గీత గీసేవాడికి అది పత్తి చేను గట్టు దగ్గర ఆగిపోతుందని ఎట్లా తెలుస్తుంది? కారు తీసుకెళ్లి చెలకలో నిలబెట్టే షార్ట్‌కట్‌లలో కొన్ని ఇలా పుట్టినవే.

స్వతంత్రం వచ్చాక కూడా పటం సర్కారు సొత్తుగానే ఉండిపోయింది. 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియా గీసిన టోపో షీట్లను, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే వివరమైన పటాలను, దేశ భద్రత పేరుతో బీరువాల్లో దాచారు. 2005లో జాతీయ మ్యాప్ విధానం తెచ్చి, రక్షణ శాఖకు ఒక వరుస, జనానికి ఒక వరుస అని విడగొట్టారు. సరిగ్గా అదే ఏడాది ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ మొదలైంది. సర్కారు జనానికి ఎంత చూపాలా అని తూకం వేస్తుండగానే అమెరికా కంపెనీ మొత్తం భూగోళాన్ని కంప్యూటర్‌లో పరిచేసింది.

ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్ కథ ఇంకోలా నడిచింది. జీపీఎస్ అమెరికా సైన్యం కోసం తయారైంది. 1983 సెప్టెంబర్‌లో దారి తప్పిన కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యూనియన్ కూల్చేసింది, 269 మంది పోయారు. ఆ తర్వాతే రీగన్ ప్రభుత్వం జీపీఎస్‌ను మామూలు జనం కూడా వాడుకోవచ్చని ప్రకటించింది. అయినా పౌరులకు అందే సిగ్నల్‌ను కావాలనే మసకబార్చేవారు, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెలలో ఆ మసక తీసేశారు. అది తీయకపోతే ఇవాళ నార్కట్‌పల్లి ఫ్లైఓవర్ పైన ఉన్నామో కింద ఉన్నామో అన్న గొడవ దాకా కూడా వచ్చేవాళ్లం కాదు. మన ఇస్రో 2013 నుంచి 2016 మధ్య ఏడు ఉపగ్రహాలు పంపి నావిక్ అనే సొంత వ్యవస్థను నిలబెట్టింది. వాటిలో కొన్నింటి అణు గడియారాలు పాడవడంతో అది అనుకున్నంత ముందుకు పోలేదు.

సిగ్నల్ దొరికింది సరే, కింద రోడ్ల పటం ఎవరు గీయాలి? 1995లో మొదలైన మ్యాప్‌మైఇండియా మనుషుల్ని వీధుల్లోకి పంపి గీయించింది. గూగుల్ 2008లో మ్యాప్ మేకర్ అనే పనిముట్టు తెచ్చి జనం చేతికే పెన్సిల్ ఇచ్చింది. దాని వెనక ఉన్నది లలితేష్ కాట్రగడ్డ అనే భారతీయ ఇంజనీర్. ఎవరి ఊరి రోడ్డు వాళ్లే గీయొచ్చు, గుడి, బడి, బావి పేరు పెట్టొచ్చు. 2013లో ఇదే గూగుల్ దేశమంతా మ్యాప్ గీసే పోటీ పెడితే సర్వే ఆఫ్ ఇండియా పోలీసులకు ఫిర్యాదు చేసింది, వ్యవహారం సీబీఐ దాకా పోయింది. 2017లో మ్యాప్ మేకర్‌ను మూసేశారు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు సడలించి, భారతీయ సంస్థలు ముందస్తు అనుమతి లేకుండా మ్యాపులు తయారు చేయొచ్చంది.

ఈ చరిత్రలో మన జిల్లాలకు మిగిలింది ఏమిటి? కంప్యూటర్, ఇంటర్నెట్, తీరిక ఉన్న కుర్రాళ్లు ఉన్న చోట పటం చిక్కగా వచ్చింది, లేని చోట పలచగా ఉండిపోయింది. గీసిన వాళ్లు చదువుకో, ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్లిపోయాక ఆ గీతను సరిదిద్దే దిక్కు లేదు.

అటు పటం ఇలా ఉండగా, ఇటు నేల మీద అన్నీ మారాయి. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చారు. విజయవాడ రోడ్డు 9 కాస్తా 65 అయింది, కర్నూలు రోడ్డు 7 కాస్తా 44 అయింది. మా పెద్దవాళ్లు ఇంకా ‘ఎన్‌హెచ్ నైన్’ అనే అంటారు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు పగిలాయి. నల్గొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట కూడా వేరుపడింది. చిరునామాలో జిల్లా పేరు మారింది, పిన్‌కోడ్ మారలేదు, దుకాణం బోర్డు మీద పాత జిల్లానే ఉంది. పైగా ఒకే పేరున్న ఊళ్లు. దేవరకొండ దగ్గర మల్లేపల్లి ఉంది, హైదరాబాద్ నడిబొడ్డున మల్లేపల్లి ఉంది. మహబూబ్‌నగర్ అని సగం కొట్టేసరికి మహబూబాబాద్ కూడా కింద ప్రత్యక్షమవుతుంది. ఆ రెండూ రాష్ట్రానికి చెరో దిక్కున ఉన్నాయి. తొందరలో వేలు తప్పు పేరు మీద పడితే పెళ్లి ముహూర్తం దాటిపోయినట్టే.

అసలు ఇక్కడ దారి చెప్పే పద్ధతికి, యాప్ పద్ధతికి పొంతన కుదరదు. ‘గిట్లనే సీదా పో అన్నా, చౌరస్తా దాటినంక నీళ్ల ట్యాంకి కాడ ఎడమ దిక్కు తిరుగు, ఆడ ఎవల్నడిగినా చెప్తరు’ అన్నది ఊరి లెక్క. వీధికి పేరుండదు, ఇంటి నంబరు ఇంటి పన్ను రసీదులోనే కనబడుతుంది. ఆ చివరి మాట, ‘ఎవల్నడిగినా చెప్తరు’ అన్నది, చాలా తెలివైన ఏర్పాటు. రోడ్డు తవ్వి ఉందా, పెళ్లి పందిరి అడ్డం ఉందా అన్న తాజా కబురు అడిగిన చోటే దొరికేస్తుంది. యాప్ మొదట్లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడేది. 2018లో తెలుగు గొంతు వచ్చింది. ఊరి పేర్లను అది పలికే తీరు మీద జోకులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఇంతకీ యాప్ దారి ఎట్లా ఎంచుకుంటుంది? ఉపగ్రహాల నుంచి వచ్చే సమయం తేడాను బట్టి ఫోన్ తన చోటు లెక్కగడుతుంది. దానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు కనబడాలి, ఇంటర్నెట్ అక్కర్లేదు. రోడ్డు మీద ఎరుపు, నారింజ రంగులు మాత్రం ఉపగ్రహం ఇచ్చేవి కావు. ఆ దారిలో పోతున్న మిగతా ఫోన్ల వేగం నుంచి వస్తాయి. సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర వేల ఫోన్లు ఉంటాయి కాబట్టి అక్కడ రంగు కచ్చితంగా ఉంటుంది. మర్రిగూడ నుంచి చింతపల్లి పోయే దారిలో మధ్యాహ్నం పూట ఎన్ని ఫోన్లు పోతాయి? ఫోన్లు లేకపోతే యాప్ తన అంచనా వేసుకుంటుంది. కల్వర్టు తెగి ఎవరూ పోవడం లేదా, మామూలుగానే ఎవరూ పోవడం లేదా అన్నది దానికి తేలడం కష్టం. పల్లె దారుల్లో దాని నమ్మకం సడలేది ఇక్కడే. నగరాల్లో తప్పు గంటలో బయటపడుతుంది. ఇక్కడ వారాలు పట్టొచ్చు. 2024 జూలైలో కార్లను ఇరుకు సందుల నుంచి తప్పించే సౌకర్యాన్ని గూగుల్ ముందుగా ఎనిమిది నగరాల్లో పెట్టింది. తెలంగాణ నుంచి ఆ జాబితాలో ఉన్నది హైదరాబాద్ ఒక్కటే.

నల్లమల సంగతి వేరు. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లారి ఆరు దాకా బండ్లను వదలరు. హైదరాబాద్‌లో సాయంత్రం ఆలస్యంగా బయల్దేరి, యాప్ చూపించిన గంటలు నమ్ముకున్న వాళ్లు గేటు దగ్గర పిల్లలతో కార్లోనే తెల్లారగట్టడం కొత్తేమీ కాదు. పగలు లోపలికి వెళ్లినా టవర్ సిగ్నల్ పోతుంది. చుక్క కదులుతూనే ఉంటుంది, కింద మ్యాప్ మాత్రం ఖాళీ. కల్వకుర్తిలోనో అచ్చంపేటలోనో ఆ ప్రాంతం మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే ఈ టెన్షన్ ఉండదు. ఇక కొల్లాపూర్ దగ్గర సోమశిల నుంచి ఎదురుగా నంద్యాల జిల్లా సిద్ధేశ్వరం కంటికి కనబడుతూనే ఉంటుంది, మధ్యలో కృష్ణ. దాని మీద తీగల వంతెనకు కేంద్రం 2022లో అనుమతి ఇచ్చింది. అది తయారయ్యే దాకా కార్లు చుట్టు తిరగాల్సిందే.

కారు లోపలి సరంజామా కూడా ఇలాగే ఎక్కడికో చేసింది ఇక్కడికి వచ్చింది. 2019 జూలై 1 నుంచి కొత్త కార్లన్నింటిలో 80 దాటితే బీప్ తప్పనిసరి, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. అదే కేంద్రం 2018లో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు 100 దాకా పరిమితి ఇచ్చింది. చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా చట్టం మీరకుండానే ఆ మోత భరించాలి. దేనికి మోగుతుందో లెక్కచేయకుండా చెవి అలవాటు పడిపోవడం దీని ఫలితం. సీట్‌బెల్ట్ మోత అయితే మరీ, బెల్ట్ పెట్టుకోవడం కన్నా దాన్ని మోసం చేసే క్లిప్ కొనడం సులువని జనం కనిపెట్టారు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ అమ్మకం కంపెనీలకు వాటిని తీసేయమని ఆదేశాలిచ్చింది.

ఏడాస్ అని గొప్పగా చెప్పే, డ్రైవర్‌కు సాయపడే కొత్త సౌకర్యం కెమెరాతో తెల్ల గీతల్ని, రాడార్‌తో ముందున్న బండిని చూస్తుంది. జడ్చర్ల, భూత్పూర్ దగ్గర హైవే మీద అది బాగానే పనిచేస్తుంది. వరి కోతలప్పుడు మిర్యాలగూడ వైపు పల్లె రోడ్ల మీదికి తీసుకురండి. సగం రోడ్డు నిండా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. నేలకు అంటుకున్నట్టుండే ఆ రాళ్లు కారుకు లెక్కలోకి వస్తాయా అన్నది రాత్రిపూట పందెం కాసే విషయం కాదు. రైతును అనడానికీ నోరు రాదు. కల్లాలకు జాగా లేక, కొనుగోలు కేంద్రంలో తేమ శాతం చూస్తారని భయపడి రోడ్డు మీద పోస్తాడు. ఏ యాప్‌లోనూ ఈ సీజన్ లేదు.

తప్పు ఎవరిది అన్న ప్రశ్న 2024 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లో పోలీస్ స్టేషన్ దాకా వెళ్లింది. బరేలీ దగ్గర రామ్‌గంగ నది మీద అసంపూర్తి వంతెన పైనుంచి కారు కింద పడి ముగ్గురు చనిపోయారు. మ్యాప్ చూపించింది, వంతెన మొదట్లో అడ్డు లేదు. పబ్లిక్ వర్క్స్ ఇంజనీర్లతో పాటు పేరు చెప్పకుండా గూగుల్ మ్యాప్స్ అధికారి మీద కూడా కేసు పెట్టారు. నా మటుకు నాకు ఆ ఎఫ్ఐఆర్‌లో ఇంజనీర్లు ముందు, మ్యాప్ తర్వాత ఉండటమే సబబు అనిపిస్తుంది. తెగిన వంతెన సంగతి ముందుగా తెలిసేది దాన్ని కట్టే శాఖకే.

2025లో తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీలతో కలిసి డిజిపిన్ అనే డిజిటల్ చిరునామా తెచ్చింది. దేశాన్ని దాదాపు నాలుగు మీటర్ల గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. వీధి పేరు లేని తండాకు, పొలంలో ఉన్న ఇంటికి ఇది మంచి సాయం, అంబులెన్స్‌కు మరీను. అయితే అది ఇల్లు ఎక్కడుందో చెబుతుంది, ఆ ఇంటికి పోయే రోడ్డు ఇవాళ బాగుందా అన్నది చెప్పదు. జాతీయ రహదారి మీద ఇబ్బందికి 1033 నంబరు ఉంది. ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ రోడ్ల కబురు అసిస్టెంట్ ఇంజనీర్ (ఏఈ), ఎస్సై, పంచాయతీ కార్యదర్శి ఉన్న వాట్సాప్ గ్రూపుల్లోనే తిరుగుతుంది. అక్కడి నుంచి అదే గంటలో మ్యాప్ కంపెనీలకు చేర్చే బాధ్యతను కలెక్టరేట్‌లో ఒక మనిషికి అప్పగిస్తే చాలు, దానికి కొత్త ఉపగ్రహమేమీ అక్కర్లేదు.