ఒక్క రాత్రిలో పాతబడిన సీడీ

వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి చుట్టుపక్కల మందుల దుకాణాల్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రెన్యువల్ గొడవ మళ్లీ రాజుకుంది. ఈసారి ఒక కంపెనీ కొత్త మెలిక పెట్టింది. ఇకపై కంప్యూటర్‌లో ఎక్కించుకునే ప్రోగ్రాం ఉండదట. ఇంటర్నెట్‌లో లాగిన్ అయి బిల్లు కొట్టుకోవాలి, ఏటా డబ్బు కట్టాలి. కొన్న వస్తువుకు మళ్లీ అద్దె ఏమిటన్నది దుకాణదారుల ప్రశ్న.

ఫ్లాపీలు, సీడీల కాలం అందరికీ తెలిసిందే. ఇకపై కొత్త వెర్షన్లు చందా మీదనే ఇస్తామని ఫొటోషాప్ తయారుచేసే అడోబీ 2013లో చెప్పిన సంగతీ పాతదే. మందుల కౌంటరును అవేవీ కదిలించలేదు. కదిలించింది జీఎస్టీ మొదలైన 2017 జూలై 1.

అంతకుముందు పద్ధతి ఏమిటో ఇక్కడి ఒక దుకాణం సొరుగులో ఇప్పటికీ కనిపిస్తుంది. ప్లాస్టిక్ కవరులో సీడీ, కవరు మీద బాల్‌పెన్నుతో రాసిన సీరియల్ నంబరు, పక్కనే బొటనవేలంత డాంగిల్. కంప్యూటర్ వెనక దాన్ని గుచ్చితేనే ప్రోగ్రాం తెరుచుకునేది. 2005 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ అమ్మిన డీలరు స్వయంగా వచ్చి, పన్నుల పట్టిక మార్చి, చాయ్ తాగి వెళ్లాడని యజమాని చెబుతారు. కొన్ననాటి రశీదు మీద ‘జీవితకాల లైసెన్సు’ అని ఉంది. ఎవరి జీవితకాలమని ఆనాడు అడగాలని తోచలేదని నవ్వుతారు.

జీఎస్టీ వచ్చాక పట్టిక మారిస్తే సరిపోలేదు. మందులకు సరుకు రకాన్ని తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌లు కావాలి, పన్నును కేంద్రం, రాష్ట్రం వాటాలుగా విడదీయాలి, అమ్మకాల వివరాలు జీఎస్టీ పోర్టల్ అడిగిన తీరులోనే ఇవ్వాలి. సీడీలోని ప్రోగ్రాం చెడిపోలేదు, అది కొట్టే బిల్లే పనికిరాకుండా పోయింది. కొత్త వెర్షన్ డౌన్‌లోడ్‌గా దిగింది, దాని వెనకే వార్షిక చందా కూడా. అంతకు పది నెలల ముందే జియో వచ్చి ఇంటర్నెట్ చౌక కావడం కంపెనీలకు కలిసొచ్చింది. డీలరుకు తిరుగుడు తప్పింది. దుకాణదారుకు మాత్రం పట్టుకుని అడగడానికి మనిషి లేకుండా పోయాడు.

నిబంధనలు తరచూ మారుతుంటే ప్రోగ్రాం రాసేవాళ్లకు నెలనెలా జీతాలు ఇవ్వాలి కదా అన్నది కంపెనీల వాదన. అందులో అబద్ధం లేదు.

అయితే 2025 సెప్టెంబరులో జరిగింది చూడాలి. 3న జీఎస్టీ మండలి నిర్ణయం, 22 నుంచి అమలు. చాలా మందుల మీద పన్ను 12 శాతం నుంచి 5కు దిగింది. 21వ తేదీ ఆదివారం, ఎంగిలిపూల బతుకమ్మ. ఆడవాళ్లు బతుకమ్మలెత్తుకుని వేయిస్తంభాల గుడి వైపు వెళుతుంటే, మన దుకాణదారు షట్టరు సగం దించి అప్‌డేట్ కోసం కూర్చున్నారు. రెన్యువల్ గడువు దాటిందని తెర మీద ఎర్ర అక్షరాలు. డబ్బు కట్టాకే అప్‌డేట్ దిగింది. తెల్లారితే కొత్త రేటుతో బిల్లు ఇవ్వాలి, ఇక బేరమాడే వ్యవధి ఎక్కడిది? ప్రభుత్వం తగ్గించిన పన్నును రోగికి చేర్చడానికి ఆయన తన జేబులోంచి కట్టారు.

ఇప్పుడు లాగిన్ పద్ధతి అనగానే ఆయన మొదట అడిగింది ధర గురించి కాదు, పాత బిల్లుల గురించి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. సీడీ కాలంలో అవి తన కంప్యూటర్‌లోనే ఉండేవి. రేపు చందా ఆపేస్తే తన లెక్కలు తనకు తెరుచుకుంటాయా? కాగితం మీద రాసి ఇమ్మని అడిగారు. కంపెనీ వాళ్లు రాసివ్వలేదు కానీ, చందా ఆపినా పాత బిల్లులు చూసుకునే వీలు తర్వాతి అప్‌డేట్‌లో వస్తుందని ఫోనులో చెప్పారు. అప్పటి నుంచి ఆయన నెలాఖరున బిల్లులన్నీ ప్రింటు తీసి, ఖాళీ సెలైన్ పెట్టెల్లో సర్దుతున్నారు.