ఏథెన్సు గుడ్లగూబ, టర్కీ మట్టి

పురాతన గ్రీకు నగర రాజ్యాల వెండి నాణేలు ఎవరి సొత్తు అన్న తగవు వేలంపాటల దగ్గర మళ్ళీ రాజుకుంది. ఏథెన్సు దగ్గరి లారియం గనుల వెండి, ఆ డబ్బుతో ఏథెన్సు కట్టుకున్న యుద్ధనౌకల సంగతి అందరికీ తెలిసిందే. ఇప్పటి వాదనల మూలం మాత్రం టర్కీలో, అంతాల్య నగరానికి ఎగువన ఉన్న ఎల్మాలిలో ఉంది.

1984లో అక్కడ ముగ్గురు మెటల్ డిటెక్టరుతో గాలించి ఒక నిధి బయటికి తీశారు. దాదాపు 1900 వెండి నాణేలు. ఆ ప్రాంతపు పాత రాజ్యం లిసియా పాలకులవే చాలా ఉన్నా, అందరి కళ్ళూ పడింది ఏథెన్సువారి పది డ్రాక్మల (డ్రాక్మ అంటే గ్రీకు నాణెపు కొలత) నాణేల మీద. అవి పద్నాలుగు, అంతకుముందు లోకానికి తెలిసినవన్నీ కలిపినా ఇంచుమించు అన్నే. ఒక్కొక్కటీ సుమారు 43 గ్రాములు. మామూలు ఏథెన్సు నాణెం మీద గుడ్లగూబ పక్కకు నిలబడి తల తిప్పి చూస్తుంది. దీని మీద రెండు రెక్కలూ విప్పి ఎదురుగా నిలుస్తుంది.

నిధి జర్మనీలోని మ్యూనిక్ మీదుగా దేశం దాటింది. అందులో అధిక భాగాన్ని అమెరికా వ్యాపారి విలియం కోక్ ప్రధాన భాగస్వామిగా ఉన్న ఓకేఎస్ పార్ట్‌నర్స్ అనే సంస్థ కొన్నది. 1988లో ఓజ్గెన్ అజార్, మెలిక్ కైలాన్ అనే పాత్రికేయులు ఈ గుట్టు రట్టు చేశారు. మరుసటి ఏడాదే టర్కీ అమెరికా కోర్టుకెక్కింది.

అసలు మలుపు ఇక్కడే. నాణెం మీద ముద్ర ఏథెన్సుదే కావచ్చు, దొరికింది మా నేలలో అన్నది టర్కీ వాదన. భూమిలో దొరికిన పురావస్తువు ప్రభుత్వానిదేనని 1906 నాటి ఒట్టోమన్ సామ్రాజ్యపు చట్టమూ చెప్పింది, 1983 చట్టమూ చెబుతోంది. దావా కొట్టేయమని కొన్నవారు కోరితే 1992లో న్యాయస్థానం ఒప్పుకోలేదు. 1999లో రాజీ కుదిరి 1,600కు పైగా నాణేలు టర్కీకి తిరిగి వెళ్ళాయి. అయితే అంత ఏథెన్సు సొమ్ము లిసియా కొండల్లోకి ఎలా చేరింది? జీతమా, కొల్లసొమ్మా? పద్ధతిగా తవ్వి ఉంటే ఆ మట్టి ఏదైనా చెప్పేదేమో.

నాణేల సేకర్తల వాదనా ఒకటుంది: నాణెం చేతులు మారడానికే పుట్టింది, ఎక్కడ దొరికిందో తేల్చేదెవరు? సైప్రస్ నాణేల దిగుమతిపై అమెరికా 2007లో, తర్వాత చైనా నాణేలపైనా పెట్టిన ఆంక్షలను పరీక్షించడానికి 2009లో వారి సంఘం సైప్రస్, చైనా నాణేలు 23 కావాలనే అమెరికాలోని బాల్టిమోరుకు తెప్పించింది. అధికారులు పట్టుకున్నారు. 2012లో అప్పీలు కోర్టు ప్రభుత్వాన్నే సమర్థించింది. ఆ నాణేల వెంట వచ్చిన కాగితాల్లో, దొరికిన చోటు తెలియదని రాసి ఉంది.